యూనిఫాం విప్పాకే ఓటు

1952లో మొదటి లోక్‌సభ కొలువుదీరినప్పుడు విశాఖపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యారు. ఒకరు డాక్టర్ లంకా సుందరం. గిరిజనులకు కేటాయించిన రెండో స్థానంలో గెలిచినవారు గాం మల్లుదొర. ఇద్దరూ ఇండిపెండెంట్లే. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీగా కాంగ్రెస్ హవా నడుస్తున్న రోజుల్లో, ఏ పార్టీ జెండా పట్టకుండా మన్యం మనిషి ఒకరు పార్లమెంటు మెట్లెక్కారు.

మల్లుదొర పేరు చెబితే మన్యంలో పెద్దలకు గుర్తొచ్చేది పార్లమెంటు కాదు, పితూరి. అల్లూరి సీతారామరాజు దళంలో ముందువరుసన నిలిచిన గాం సోదరుల్లో ఆయన ఒకరు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన దళం అది. ఏమేం తీసుకెళ్తున్నదీ స్టేషన్ రికార్డులో రాసి మరీ వెళ్లింది. ఆ సెప్టెంబరులో దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు ఈ దళం చేతిలోనే చనిపోయారు. మలబార్ స్పెషల్ పోలీసును, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దింపితే తప్ప ప్రభుత్వానికి కొండల మీద పట్టు చిక్కలేదు. మల్లుదొర 1923లో దొరికిపోయారు. 1924 మే 7న సీతారామరాజు, మరుసటి నెలలో మల్లుదొర సోదరుడు గంటందొర తూటాలకు బలయ్యారు. మల్లుదొర జైలు జీవితం గడిపి బతికి బయటపడ్డారు. రాజద్రోహిగా శిక్షపడిన ఆ మనిషే ముప్పై ఏళ్లు తిరక్కుండా చట్టాలు చేసే సభలో కూర్చున్నారు.

ఆయన ఏ సైన్యంలోనూ జీతం తీసుకున్న సిపాయి కాదన్నది నిజమే. అయినా సైనికులు ఎన్నికల్లో నిలబడటం గురించి అరకు లోయలో కూర్చుని ఆలోచించేవాళ్లు ఆయన దగ్గరే మొదలుపెట్టాలి. ఈ కొండల్లో ఆయుధం పట్టి, దాన్ని దించి, తర్వాత ఓటడిగి పార్లమెంటుకు వెళ్లిన మొదటి మనిషి ఆయనే. ఆయుధానికీ ఓటుకూ మధ్య ఉండాల్సిన దూరం ఎంతో ఆ జీవితం చూపిస్తుంది.

ఆ దూరం గురించి మన చట్టం ఏం చెబుతోంది? సర్వీసులో ఉన్న సైనికుడు పోటీ చేయడానికి వీల్లేదు. రాజ్యాంగం 102, 191 అధికరణాల కింద లాభదాయక పదవిలో ఉన్నవారు చట్టసభల్లో కూర్చోలేరు. సైనికుల ప్రాథమిక హక్కులకు హద్దులు గీసే అధికారం 33వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. ఆ అధికారంతో వచ్చిన సైనిక చట్టం, దాని నియమాలు సిపాయిని రాజకీయ సభలకు, ప్రచారానికి దూరంగా ఉంచాయి. ఓటు వేసే హక్కు మాత్రం ఉంది. ఉద్యోగం వదిలిన మరుక్షణం ఈ కట్లన్నీ తెగిపోతాయి. నిన్న సాయంత్రం దాకా బ్రిగేడ్‌ను నడిపిన అధికారి ఈ ఉదయం పార్టీ కండువా కప్పుకోవచ్చు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవారు రాజకీయాల్లోకి రావడానికి ముందు కొంత వ్యవధి ఉండాలని ఎన్నికల సంఘం 2012లోనే సూచించింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇజ్రాయెల్‌లో పెద్ద సైన్యాధికారులు పోటీ చేయాలంటే మూడేళ్లు ఆగాలి. సైన్యం పదేపదే గద్దెనెక్కిన పాకిస్తాన్‌లో సైతం ప్రభుత్వ కొలువు వదిలినవారికి రెండేళ్ల నిషేధం రాజ్యాంగంలోనే ఉంది. మనకు ఆ గీత లేదు. ఉండాలని నా అభిప్రాయం. జవానుకు అక్కర్లేదు, ఆదేశాలిచ్చే స్థాయిలో పనిచేసి వచ్చినవారికి కావాలి.

బలవంతంగా సాగనంపిన వారి సంగతి వేరు. అవినీతికో, రాజ్యం పట్ల విధేయత లేకపోవడానికో ఉద్యోగం పోయినవారు ఐదేళ్లు పోటీకి అనర్హులు. ఆ కారణాలతో తొలగించలేదని ఎన్నికల సంఘం ధ్రువపత్రం జతచేస్తేనే నామినేషన్ చెల్లుతుంది. 2019లో వారణాసిలో ప్రధానిపై పోటీకి దిగిన బీఎస్ఎఫ్ మాజీ జవాను తేజ్ బహదూర్ యాదవ్ నామినేషన్ ఈ కాగితం దగ్గరే ఆగిపోయింది. ఆయన తనకు పెట్టే తిండి బాగోలేదని వీడియో తీసి లోకానికి చూపించిన జవాను. సుప్రీంకోర్టు 2020 నవంబరులో ఆయన అప్పీలును కొట్టేసింది. జనరళ్లకు తెరిచిన తలుపు జవాను దగ్గర మూసుకుపోయిందన్న బాధ చాలామందికి మిగిలింది. నాకూ ఉంది.

తెలుగునేల మీద సైన్యం నుంచి వచ్చి నిలదొక్కుకున్న నాయకులను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అందరికంటే తెలిసిన పేరు ఉత్తమ్‌కుమార్‌రెడ్డిది. వైమానిక దళంలో మిగ్ విమానాలు నడిపిన పైలట్. 1994లో కోదాడలో ఓడిపోయారు. 1999లో అక్కడే గెలిచారు. తర్వాత హుజూర్‌నగర్ ఆయనకు కోటగా మారింది. పీసీసీ అధ్యక్షుడయ్యారు, నల్లగొండ ఎంపీ అయ్యారు, 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో మంత్రిగా ఉన్నారు. సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన వి.లక్ష్మీకాంతరావు 2004లో హుజూరాబాద్ నుంచి టీఆర్ఎస్ తరఫున గెలిచి మంత్రి అయ్యారు, ఆ తర్వాత రాజ్యసభకు వెళ్లారు. ఈ ఇద్దరి ప్రయాణంలో గమనించాల్సింది ఉంది. పేరు ముందు ‘కెప్టెన్’ నిలిచినా, గెలిపించింది ఆ మాట కాదు. మొదటి ఓటమి తర్వాత ఐదేళ్లు కోదాడలో తిరిగిన తిరుగుడే ఉత్తమ్‌ను నాయకుణ్ని చేసింది. దేశంలోనూ ఇదే కనిపిస్తుంది. తొలి భారతీయ సర్వసైన్యాధ్యక్షుడు కరియప్ప అంతటివారు 1971లో బొంబాయిలో నిలబడితే జనం ఓడించారు. 2017లో పటియాలాలో మాజీ సైన్యాధిపతి జె.జె.సింగ్ అకాలీదళ్ తరఫున నిలబడి, మాజీ కెప్టెన్ అమరీందర్ సింగ్ చేతిలో ఓడిపోయారు. అక్కడ జనరల్ కంటే కెప్టెన్ ఊరివాళ్లకు దగ్గరివాడు. మాజీ సైన్యాధిపతి వి.కె.సింగ్ 2014లో ఘజియాబాద్ నుంచి భారీగా గెలిచారు. కానీ అది ఆ ఏడాది పార్టీ గాలి ఊపు. ఆయన నక్షత్రాలను చూసి మాత్రమే వేసిన ఓట్లని చెప్పలేం.

ఇక మన్యానికి వద్దాం. అరకు లోక్‌సభ స్థానం 2008 పునర్విభజనతో పుట్టింది, గిరిజనులకు రిజర్వు. ఇప్పటిదాకా గెలిచినవారిని చూడండి. 2009లో కురుపాం జమీందారీ కుటుంబానికి చెందిన కిశోర్ చంద్రదేవ్. 2014లో ప్రభుత్వ అధికారిగా పనిచేసి వచ్చిన కొత్తపల్లి గీత. 2019లో వ్యాయామ ఉపాధ్యాయురాలు గొడ్డేటి మాధవి. ఆమె తండ్రి దేముడు సీపీఐ ఎమ్మెల్యేగా చింతపల్లి వైపు పేరున్న మనిషి. 2024లో డాక్టర్ గుమ్మా తనూజారాణి. పక్కనే రంపచోడవరంలో 2024లో గెలిచిన మిరియాల శిరీషాదేవి అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేశారు. రాచకుటుంబం, కచేరీ, బడి, ఆస్పత్రి, అంగన్‌వాడీ. ఈ కొండల్లో అధికారానికి దారులు ఇవి. వీటిలో బ్యారక్ లేదు.

ఎందుకు లేదు? పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తరాల తరబడి సిపాయిలను పంపిన ఊరు. జనం దాన్ని ‘మిలిటరీ మాధవరం’ అనే పిలుస్తారు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లోనూ సైన్యంలో చేరడం ఇంటింటి సంగతి. మన్యంలో ఏ ఊరికీ అలాంటి పేరు పడలేదు. పోటీ పరీక్షకు పట్నం దాకా దిగడమే కష్టమైన చోటు ఇది. రోడ్డు లేని గూడేల్లో కాన్పు నొప్పులు పడుతున్న తల్లిని డోలీలో మోసుకురావాలి. రిక్రూట్‌మెంట్ ర్యాలీ గురించి చెప్పే కాగితం అలాంటి గూడేనికి ఎప్పటికి చేరుతుంది?

కానీ అసలు కారణం ఇంతకంటే లోతుగా ఉంది. మైదానంలో యూనిఫాం అంటే పిల్లలు గుర్తుకు తెచ్చుకునేది సరిహద్దు, మంచు, కార్గిల్. మన్యంలో యూనిఫాం అంటే ఇంటి ముందుకొచ్చేది. అది సైన్యం వేసుకున్నది కాదు, పోలీసుది. అయినా ఖాకీకీ, ఆలివ్ గ్రీన్‌కూ, అడవి రంగు మచ్చల బట్టకూ తేడా చూసే వ్యవధి గూడెంలో ఎవరికి దొరికింది? 1989లో నక్సలైట్ల మీదికి పోలీసు ప్రత్యేక దళం గ్రేహౌండ్స్ ఏర్పడింది. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు కూంబింగ్‌కు వచ్చిన పోలీసుల మీద అత్యాచార ఆరోపణ చేశారు. కేసు పదహారేళ్లు నడిచింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదంటూ ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. తప్పెవరిదో తేలకుండానే పరిహారం చేతిలో పెట్టారు. దాన్ని అందుకున్న చేతులకు యూనిఫాం మీద ఏ భావం మిగులుతుంది? మరోవైపు 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో పడవలో వెళ్తున్న గ్రేహౌండ్స్ జవాన్లు మావోయిస్టుల దాడిలో ముప్పై మందికి పైగా చనిపోయారు. వాళ్లూ ఎక్కడో ఒక ఊరి పిల్లలే. ఈ రెండు దుఃఖాలనూ ఒకేచోట మోసిన నేల ఇది. కాబట్టి మైదానంలో యూనిఫాం ఫొటోకు పడే ఓటు ఇక్కడ అదే లెక్కన పడదు.

ఎన్నిక రోజున కూడా మన్యంలో తుపాకీ నీడ పడుతుంది. 2024 మే 13న రాష్ట్రంలో చాలాచోట్ల సాయంత్రం ఆరు దాకా ఓటేశారు. పాడేరు, అరకు, రంపచోడవరాల్లో నాలుగింటికే ముగించారు. చీకటి పడేలోగా ఓటింగ్ యంత్రాలు కొండ దిగాలి. అంతకు ఆరేళ్ల క్రితం, 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు దారికాచి చంపారు. ప్రజలు ఎన్నుకున్న మనిషి ప్రాణం తీయడం ప్రజల తరఫున తీర్పు చెప్పడం అవుతుందని ఆ తుపాకులు అనుకున్నాయి. ఆ లెక్కను మన్యం ఒప్పుకోలేదు. ఆరేడు నెలలకే అరకులో మళ్లీ పోలింగ్ జరిగింది, జనం వచ్చి ఓటేశారు.

ఇంకో మాట చరిత్రలోంచి తీసుకోవాలి. ‘ఏజెన్సీ’ అని మనం అలవాటుగా అనేస్తాం. ఆ పేరు 1839 చట్టం నుంచి వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండలను మామూలు పాలన నుంచి వేరుచేసి, కలెక్టరును ‘ఏజెంటు’గా పెట్టి, శాంతిభద్రతలూ న్యాయవిచారణా ఒక్కచేతికే అప్పగించారు. అంటే ఈ కొండలను మొదట్నుంచీ నడిపింది హుకుం. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనులను వెట్టికి పట్టి చింతపల్లి వైపు రోడ్డు వేయించి కూలి ఎగ్గొట్టడం వల్లే కదా, ముఠాదారు కుటుంబాలు రాజు వెంట నడిచింది! ఆ గాయం ఉన్న చోట ‘నేను చెబితే జరిగిపోవాలి’ అనే తీరు నాయకుడికి పనికిరాదు. సైన్యంలో అది గుణం. కనుమలో దాడి జరుగుతుంటే చర్చ పెట్టరు. గూడెంలో మాత్రం చర్చ లేకుండా ఏదీ జరగకూడదని మన చట్టమే చెప్పింది. 1996 పీసా చట్టం షెడ్యూలు ప్రాంతాల్లో గ్రామసభను నిర్ణయాల మధ్యలో కూర్చోబెట్టింది. 2006 అటవీహక్కుల చట్టం పోడు భూమి మీద ఎవరికి హక్కుందో తేల్చే మొదటి పని గ్రామసభకే ఇచ్చింది. భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 నిబంధన ఉంది. గనుల లీజుల విషయంలో 1997 సమతా తీర్పు అనంతగిరి కొండల నుంచే పుట్టింది. ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బకు చదువుకున్న పిల్లలు ఇంకా తేరుకోలేదు. మన్యంలో ఓటడిగే మాజీ సైనికుడు పతకాల సంఖ్య చెబితే వింటారు. ఈ ఐదింటిలో దేనికోసం ఎవరితో తలపడతాడో చెబితే ఓటేస్తారు.

పార్టీలు ఈ కష్టం పడటానికి ఇష్టపడవు. ఫ్లెక్సీ మీద సైనికుడి బొమ్మ వేస్తే పనైపోతుందనుకుంటాయి. పుల్వామా, బాలాకోట్ తర్వాత ఆ బొమ్మలు ఎంతగా పెరిగాయంటే 2019 మార్చి 9న ఎన్నికల సంఘం పార్టీలకు లేఖ రాయాల్సి వచ్చింది. రక్షణ సిబ్బంది ఫొటోలను ప్రచారంలో వాడొద్దని తాను 2013 డిసెంబరులోనే చెప్పిన సంగతిని గుర్తుచేసింది. రాజకీయాలకు అతీతమైన సైన్యాన్ని అలాగే ఉండనివ్వమని అందులో అడిగింది. ఆ మాట మీరితే పడే శిక్ష మాత్రం లేకపోయింది. చట్టసభకు రావాలనుకునే విశ్రాంత సైనికుడికి ఇందులో పెద్ద బాధ్యత ఉంది. నా బొమ్మను వాడుకోనివ్వను, నా పాత బట్టలతో వేదిక ఎక్కను అని ఆయన అనాలి. పార్టీ అడిగితే కాదనాలి.

ఇదంతా ఇప్పుడు చెప్పాల్సి రావడానికి కారణం ఉంది. 2022 జూన్ 14న అగ్నిపథ్ సైనిక నియామక పథకం ప్రకటించారు. దానిపై నిరసనల్లో సికింద్రాబాద్ స్టేషన్ మంటల్లో చిక్కుకున్న 17వ తేదీని మనం మర్చిపోలేదు. ఆ పథకంలో చేరిన కుర్రాళ్లకు కొలువు నాలుగేళ్లు. నాలుగోవంతు మందిని ఉంచుకుని మిగతావారిని పంపేస్తారు. చేతికి పదకొండు లక్షల పైచిలుకు సేవానిధి వస్తుంది, పెన్షన్ ఉండదు. మొదటి బ్యాచ్ గడువు 2026 చివరికి తీరుతుంది. పాత పద్ధతిలో జవాను నలభైకి దగ్గరపడ్డాక ఊరికొచ్చేవాడు. పిల్లల చదువు, పొలం, పెన్షన్ చూసుకునేవాడు. ఇప్పుడు వచ్చేవాడికి ఇరవై రెండు, ఇరవై మూడు. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచిగా నిలబడటానికి ఇరవై ఒకటి నిండితే చాలు. ఆయుధం పట్టడం, క్రమశిక్షణ, పట్నాలు, హిందీ, అన్నీ చూసొచ్చి, చేతిలో కొంత సొమ్ము, ముందు ఉద్యోగం లేని కుర్రాడు. ఇలాంటి యువకులు ఎన్నికల బరిలోకి వస్తారు. పార్టీలు వాళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుతాయి కూడా.

అదే సమయంలో అడవి వైపు నుంచి కూడా మనుషులు దిగుతున్నారు. 2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు పదుల మంది సహచరులతో గడ్చిరోలిలో లొంగిపోయారు. నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు కమాండర్ హిడ్మా ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. సాయుధ పోరాటం ఈ కొండల్లో చివరి ఊపిరి పీలుస్తున్నట్టు కనిపిస్తోంది. అంటే కొన్నేళ్లలో ఒకే సంతలో ఇద్దరు యువకులు ఎదురెదురు పడతారు. ఒకరు యూనిఫాం విప్పి వచ్చినవారు, ఇంకొకరు దళం వదిలి వచ్చినవారు. ఇద్దరికీ తుపాకీ అలవాటు. ఇద్దరికీ ఊరి గురించి తమకు ఎక్కువ తెలుసన్న భావం ఉంటుంది. వీరిలో ఒకరిని వీరుడని, మరొకరిని ద్రోహి అని పార్టీలు విడగొడితే మన్యం ఇంకో తరం నష్టపోతుంది. తెలంగాణ నాయకురాలు సీతక్క ఆ రెండో దారిలోంచి వచ్చారు. చిన్నవయసులో దళంలోకి వెళ్లి, 1997లో బయటకొచ్చి, న్యాయశాస్త్రం చదివి, 2004లో ములుగులో ఓడి, 2009లో గెలిచారు. 2018, 2023ల్లో మళ్లీ గెలిచి ఇప్పుడు మంత్రి. ములుగు జనం ఆమెను పాత తుపాకీకి ఎన్నుకోలేదు. కోవిడ్ రోజుల్లో నెత్తిన బియ్యం మూట పెట్టుకుని వాగులు దాటి గూడేలకు వెళ్లిన మనిషిని ఎన్నుకున్నారు.

మల్లుదొర దారి కూడా ఇలాంటిదే. ఆయన పార్లమెంటుకు వెళ్లేనాటికి తుపాకీ పట్టి మూడు దశాబ్దాలు కావస్తోంది. ఆ మధ్యకాలం జైలులో, కొండల్లో, తన మనుషుల మధ్య గడిచింది. ఏ చట్టమూ చెప్పకుండానే ఆయనకు ఆ వ్యవధి దొరికింది. నేటి కుర్రాళ్లకు అంతకాలం ఆగమని చెప్పలేం. కానీ ఒకటి అడగొచ్చు. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఆంధ్రాలో మిగిలిన మంచి నియమాల్లో అది ఒకటి. నాలుగేళ్ల కొలువు ముగించి ఊరొచ్చిన అగ్నివీరుడు నేరుగా ఎమ్మెల్యే టికెట్ కోసం హైదరాబాద్‌కో, విజయవాడకో పోకుండా ముందు తన పంచాయతీలో నిలబడాలి. గ్రామసభలో పోడు పట్టా కోసం వచ్చిన ముసలమ్మ ఎదురుగా కూర్చుని, ఫారెస్టు వాళ్లు అడ్డుకున్న ఫైలు ఎక్కడ ఆగిందో పాడేరు ఐటీడీఏ ఆఫీసు దాకా వెళ్లి తెలుసుకోవాలి. ఆమె పదిసార్లు అడుగుతుంది. పదిసార్లూ లేచి నిలబడి జవాబు చెప్పాలి.